బైపాస్ వాల్వ్ కొట్టుకుంటుంటే, స్ప్రింగ్ మీద చెయ్యి వేసే ముందు

మూడో గేర్లో 40, 50 స్పీడు, ముందు ట్రాఫిక్ నెమ్మదిగా కదులుతోంది, పాదం యాక్సిలరేటర్ మీద ఊరికే ఆనించి ఉంది. బండి ఒక్క గుంజు గుంజుతుంది, వెంటనే ఎవరో బ్రేక్ మీద కాలు పెట్టినట్టు పట్టేస్తుంది, మళ్ళీ గుంజుతుంది. గట్టిగా తొక్కితే ఏ గొడవా లేదు, ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టే పంపు, అంటే సూపర్‌చార్జర్, సన్నగా ఈల వేస్తూ బండి దూసుకుపోతుంది. కాలు పూర్తిగా తీసేసినా గొడవ లేదు. ఆ మధ్యలో, సగం తొక్కి సగం వదిలిన చోటే ఈ ఊగిసలాట. 2002 నుంచి 2006 దాకా వచ్చిన మినీ కూపర్ ఎస్, ఆర్53 అని కోడ్‌తో పిలిచే బండి, నడిపేవాళ్ళకి ఇది బాగా తెలిసిన జబ్బు. బ్రిటన్‌లో, అమెరికాలో దీనికి యో-యో అని పేరు కూడా పెట్టుకున్నారు.

ఈ జబ్బుకి జనం చేసే వైద్యం మాత్రం ఎక్కువసార్లు గురి తప్పుతుంది. ప్లగ్గులు మారుస్తారు, కాయిల్ మారుస్తారు, ఇంజన్ మౌంట్ మారుస్తారు, చివరికి, అవసరం లేనప్పుడు సూపర్‌చార్జర్ గాలిని వెనక్కి మళ్ళించే బైపాస్ వాల్వ్ దాకా వస్తారు, వచ్చాక కూడా మొదట చేసే పని స్ప్రింగ్‌ని ఇంకా బిగుతుగా చేయడం. వాల్వ్ కొట్టుకుంటోందంటే స్ప్రింగ్ బలం చాలక కొట్టుకుంటోందని వాళ్ళ ఊహ. అది పూర్తిగా తప్పు కాదు గానీ, అసలు కారణం అది కాదు. వాల్వ్ తనకి అందుతున్న సంకేతానికి నిజాయితీగా లోబడుతోంది. ఆ సంకేతమే క్షణానికో మాట చెబుతోంది. వాల్వ్‌ని కాదు, ఆ సంకేతాన్ని సరిచెయ్యాలి.

మన దేశంలో ఆర్53ని అధికారికంగా అమ్మలేదు. మినీ 2012లో ఇక్కడికి వచ్చేసరికి కూపర్ ఎస్ టర్బోకి మారిపోయింది. మన రోడ్ల మీద సూపర్‌చార్జర్ అంటే ఎక్కువగా కనిపించింది మెర్సిడెస్ డిక్కీ మీద రాసి ఉండే కంప్రెసర్ అన్న మాటే. కాబట్టి ఈ బండితో పని పడేది ఎక్కువగా బయటి దేశాల్లో ఉండి, పాత కారు కొని చేత్తో బాగుచేసుకోవడం ఇష్టపడేవాళ్ళకి. అయినా ఇక్కడ చెప్పే సూత్రం మినీ ఒక్కదానికే కాదు, థ్రాటిల్‌కీ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుని గాలిని లోపలికి వదిలే పలక) ఇంజన్‌కీ మధ్య రూట్స్ రకం, అంటే రెండు రోటర్లు తిరిగి గాలిని నెట్టే, సూపర్‌చార్జర్ కూర్చున్న ఏ బండికైనా వర్తిస్తుంది.

ముందు ఈ వాల్వ్ ఎందుకుందో చూద్దాం. ఆర్53లో ఉన్నది బ్రెజిల్‌లో తయారైన 1598 సీసీ ట్రైటెక్ ఇంజన్, దాని మీద ఈటన్ ఎం45 సూపర్‌చార్జర్. ఆ 45 అంటే ఒక్క చుట్టు తిరిగితే సుమారు 45 ఘనపు అంగుళాల గాలిని అవతలికి నెడుతుందని, మన లెక్కలో ముప్పావు లీటరుకి కాస్త తక్కువ. బెల్ట్ పుల్లీల వల్ల అది ఇంజన్ కంటే దాదాపు రెట్టింపు వేగంతో తిరుగుతుంది. అంటే ఇంజన్ ఒక చుట్టు తిరిగేలోపు సూపర్‌చార్జర్ ఒకటిన్నర లీటర్ల గాలిని నెట్టేస్తుంది. ఇంజన్ మాత్రం నాలుగు స్ట్రోకులది కాబట్టి ఒక చుట్టుకి తన కెపాసిటీలో సగం, 0.8 లీటరు, మాత్రమే మింగుతుంది. ఆ తేడా వల్ల పేరుకునే అదనపు గాలి ఒత్తిడే బూస్ట్.

గట్టిగా తొక్కినప్పుడు ఇది వరం. సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్నప్పుడు, హైవే మీద ఒకే స్పీడులో తీరిగ్గా పోతున్నప్పుడు ఇదే భారం. రూట్స్ సూపర్‌చార్జర్‌కి ఆగడం తెలియదు. బెల్ట్ తిప్పినంతసేపూ తిరుగుతుంది, తిరిగినంతసేపూ నెడుతుంది. అవసరం లేని గాలిని అలా నొక్కుతూ పోతే గాలి వేడెక్కుతుంది, పెట్రోల్ తాగుతుంది, చప్పుడూ ఎక్కువే. అందుకే సూపర్‌చార్జర్ బయటి వైపు నుంచి లోపలి వైపుకి ఒక అడ్డదారి పెట్టారు, ఆ దారిలో ఒక చిన్న బటర్‌ఫ్లై పలక ఉంటుంది. పలక తెరుచుకుంటే నెట్టిన గాలి మళ్ళీ వెనక్కి వచ్చేస్తుంది, రెండు వైపులా ఒత్తిడి దాదాపు సమానమవుతుంది, సూపర్‌చార్జర్ తిరుగుతున్నా దాని మీద బరువు ఉండదు. పలక మూసుకుంటే బూస్ట్ మొదలవుతుంది.

ఆ పలకని తెరిచి మూసే పని ఒక వాక్యూమ్ డబ్బాది (వాక్యూమ్ అంటే బయటి గాలి కంటే తక్కువ ఒత్తిడి, అదే లోపలికి లాగే శక్తి). అందులో రబ్బరు డయాఫ్రమ్, దాని వెనక స్ప్రింగ్ ఉంటాయి. వాక్యూమ్ లాగితే పలక తెరుచుకుంటుంది, వాక్యూమ్ పోతే స్ప్రింగ్ మూసేస్తుంది. ఆర్53లో దీనికి కంప్యూటర్ ప్రమేయం లేదు, అంతా గాలి, రబ్బరు, స్ప్రింగ్. సన్నటి హోస్ ఒకటి ఆ డబ్బాకి సంకేతం తెస్తుంది. ఆ హోస్ రెండో కొస ఎక్కడుందన్నదాంట్లోనే అసలు కథంతా ఉంది. ఈటన్ పద్ధతిలో అది థ్రాటిల్‌కీ సూపర్‌చార్జర్ నోటికీ మధ్య ఉంటుంది.

ఇప్పుడు జరిగేది నెమ్మదిగా చూడండి. పాదం కొద్దిగా ఆనించి ఉంది, పలక తెరిచి ఉంది, రెండు వైపులా ఒకటే ఒత్తిడి. అంకెలు ఉంటే తేలిగ్గా అర్థమవుతుంది కాబట్టి ఊరికే లెక్క కోసం అనుకుందాం: బయట గాలి ఒత్తిడి 100 కిలోపాస్కల్స్, లోపల 60. అంటే 40 మేర వాక్యూమ్ ఉంది, డబ్బా పలకని తెరిచి పట్టుకుంది. మీరు ఇంకాస్త తొక్కారు, థ్రాటిల్ ఇంకాస్త తెరుచుకుంది, లోపల ఒత్తిడి 90కి చేరింది. వాక్యూమ్ 10కి పడిపోయింది, స్ప్రింగ్ గెలిచింది, పలక మూసుకోవడం మొదలుపెట్టింది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ పలక మూసుకోగానే సూపర్‌చార్జర్‌కి వెనక్కి తిరిగి వచ్చే గాలి ఆగిపోయింది, ఇక అది ఒకటిన్నర లీటర్ల ఆకలినీ థ్రాటిల్ వైపు నుంచే తీర్చుకోవాలి. థ్రాటిల్ సగమే తెరిచి ఉంది, అంత గాలి ఇవ్వలేదు. దాంతో సూపర్‌చార్జర్ నోటి దగ్గర ఒత్తిడి ఒక్కసారిగా 90 నుంచి 65కో 60కో పడిపోతుంది. మన సంకేతం హోస్ ఉన్నది సరిగ్గా అక్కడే. డబ్బాకి మళ్ళీ బోలెడు వాక్యూమ్ అందింది, లాగి పలకని తెరిచేసింది. తెరవగానే ఒత్తిళ్ళు సమానమయ్యాయి, నోటి దగ్గర వాక్యూమ్ మాయమైంది, స్ప్రింగ్ మళ్ళీ మూసింది. మూయగానే మళ్ళీ వాక్యూమ్.

గడియ పెట్టని తలుపు గాలికి కొట్టుకున్నట్టే ఉంటుంది ఇది. తలుపు మూసుకోవడం వల్లే గాలి దారి మారుతుంది, గాలి దారి మారడం వల్లే తలుపు తెరుచుకుంటుంది. వాల్వ్ తాను చేసిన పని ఫలితాన్నే మళ్ళీ ఆజ్ఞగా అందుకుంటోంది. గీజర్ నీళ్ళు సరిచేసుకునేటప్పుడు అందరికీ ఇది అనుభవమే: నీళ్ళు చల్లగా ఉన్నాయని వేడి ట్యాప్ తిప్పుతాం, వేడి నీళ్ళు పైపులో వచ్చేసరికి కొన్ని క్షణాలు పడుతుంది, ఈలోపు ఇంకా తిప్పుతాం, ఒళ్ళు కాలుతుంది, గబుక్కున వెనక్కి తిప్పుతాం, మళ్ళీ చల్లటివి. ట్యాప్‌లో లోపం లేదు. ఆలస్యం ఒక్కటే తప్పు. వాల్వ్ కథలోనూ ఆలస్యం ఉంది. హోస్‌లో గాలి కదలాలి, డయాఫ్రమ్ కదలాలి, పలక తిరగాలి, నెట్టిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, దాన్ని సిలిండర్లకి పంచే మేనిఫోల్డ్ నిండాలి. ఈ ఆలస్యం కొద్దిగా ఉంటే పలక సగంలో ఎక్కడో నిలదొక్కుకుంటుంది. ఎక్కువైతే నిలవలేదు, ఆ చివరికీ ఈ చివరికీ కొట్టుకుంటుంది.

ఒక్క వాల్వే ఊగితే డ్రైవర్‌కి అంతగా తెలియకపోవచ్చు. కానీ బూస్ట్ వచ్చీ పోయీ ఉంటే ఇంజన్ టార్క్ ఊగుతుంది, దాంతో ఇంజన్ మౌంట్ల మీద అటూ ఇటూ కదులుతుంది, ఆ కుదుపుకి డ్రైవర్ పాదం పెడల్ మీద తెలియకుండానే కదులుతుంది. పైగా ఆర్53లో థ్రాటిల్‌కి కేబుల్ ఉండదు, కంప్యూటరే తిప్పుతుంది, అదీ తన లెక్క ప్రకారం థ్రాటిల్‌ని సర్దుతూ ఉంటుంది. ఒక ఊపు మీద ఇంకో ఊపు ఎక్కుతుంది. అందుకే మౌంట్ మార్చినవాళ్ళకి కొంత మేలు కనిపిస్తుంది, జబ్బు తగ్గిందనుకుంటారు, నెల తిరిగేసరికి మళ్ళీ మొదలు. సూపర్‌చార్జర్ పుల్లీ చిన్నది వేయించిన బండ్లలో ఇది ముదరడానికీ కారణం ఇందాకటి లెక్కలోనే ఉంది. పుల్లీ చిన్నదైతే సూపర్‌చార్జర్ ఇంకా వేగంగా తిరుగుతుంది, ఆకలి పెరుగుతుంది, పలక మూసుకున్నప్పుడు నోటి దగ్గర ఒత్తిడి ఇంకా లోతుకి పడుతుంది. స్ప్రింగ్ అదే, హోస్ అదే, ఊపు మాత్రం పెద్దదైంది.

మరి కంపెనీ నుంచి వచ్చిన కొత్తలో బాగానే ఉండేది కదా అంటే, ఉండేది, ఎక్కువ బండ్లలో. డిజైన్‌లో ఆ లూప్, అంటే వాల్వ్ పని ఫలితం మళ్ళీ వాల్వ్‌కే ఆజ్ఞగా రావడం, మొదటి నుంచీ ఉంది, కానీ కొత్త భాగాలు దాన్ని అదుపులో పెట్టేంత మెత్తగా పనిచేస్తాయి. పాతబడ్డాక చెడేవి ముఖ్యంగా మూడు. ఒకటి, పలక తిరిగే ఇరుసు, అంటే షాఫ్ట్. క్రాంక్‌కేస్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి ఏళ్ళ తరబడి పేరుకుని జిగురులా పట్టేస్తుంది, లేదా షాఫ్ట్ అరిగి లూజుగా ఆడుతుంది. జిగురు పట్టిన షాఫ్ట్ మెల్లగా కదలదు, వాక్యూమ్ పెరిగి పెరిగి ఒక్కసారిగా తెంచుకుని తెరుచుకుంటుంది, మూసుకునేటప్పుడూ అంతే. మెత్తగా నడవాల్సిన చోట గెంతులు మొదలవుతాయి, యో-యోకి ఇంతకంటే మంచి మేత లేదు. రెండు, డయాఫ్రమ్. సన్నటి చీలిక వస్తే వాక్యూమ్ నిలవదు, వచ్చినంత వస్తూ కారినంత కారుతూ ఉంటుంది. ఇంజన్ వేడెక్కాకే కారే డయాఫ్రమ్‌లూ ఉంటాయి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూసి బాగుందని వదిలేస్తే మోసపోతారు. మూడు, హోస్. రబ్బరు గట్టిపడి కొస దగ్గర పగులుతుంది, లేదా వేడికి మెత్తబడి వాక్యూమ్‌కి లోపలికి నొక్కుకుపోతుంది. పది నిమిషాల్లో మార్చగలిగే ఈ వస్తువుని అందరూ ఆఖర్న చూస్తారు.

జబ్బు ఈ వాల్వ్‌దేనా కాదా అని తేల్చుకోవడం నిజానికి తేలిక, ఖర్చు లేని పని. పలకని తెరిచిన స్థితిలోనే చిన్న తీగతో కట్టేసి బండి నడిపి చూడండి. బూస్ట్ రాదు, బండి బద్ధకంగా ఉంటుంది, అంతే, నష్టం లేదు. ఊగడం పోయిందంటే దొంగ దొరికాడు. పలక కదలకుండా కట్టేసినా బండి ఊగుతోందంటే వెతకాల్సింది వేరే చోట: ఒత్తిడి కొలిచే సెన్సర్, ఎక్కడో గాలి లీకు, మౌంట్లు, థ్రాటిల్. బెల్ట్ టెన్షనర్‌ని కూడా మర్చిపోకూడదు, ఈ బండిలో అది అలిసిపోయే భాగమే, బెల్ట్ జారితే బూస్ట్ వచ్చీ రానట్టు ఉంటుంది, కాకపోతే అది గట్టిగా తొక్కినప్పుడు బయటపడుతుంది, సుతారంగా తొక్కినప్పుడు కాదు. దీనికి వ్యతిరేకమైన పరీక్ష కూడా చేస్తారు: డబ్బా హోస్ ఊడదీసి, ఆ రంధ్రం మూసేసి, పలక ఎప్పుడూ మూసుకునే ఉండేలా చేసి నడపడం. ఇది ఒకటి రెండు కిలోమీటర్లకి మించి వద్దు. రంధ్రం మూయడం మర్చిపోతే థ్రాటిల్ దాటాక గాలి దొంగదారిన లోపలికి వస్తుంది, ఐడిల్ పెరిగి కొత్త అయోమయం మొదలవుతుంది.

తర్వాతి పరీక్షకి చేత్తో నొక్కే వాక్యూమ్ పంపు, దాని మీద గేజ్ ఉంటే చాలు. డబ్బాకి తగిలించి మెల్లగా లాగండి. డబ్బాని పలకకి కలిపే కడ్డీ ఎంత దగ్గర కదలడం మొదలుపెట్టింది, ఎంత దగ్గర పూర్తిగా తెరుచుకుంది, రాసుకోండి. తర్వాత మెల్లగా వదులుతూ, మూసుకోవడం ఎంత దగ్గర మొదలైంది, ఎంత దగ్గర పూర్తయింది, అదీ రాసుకోండి. వెళ్ళేటప్పటి అంకెలకీ వచ్చేటప్పటి అంకెలకీ కొద్దిపాటి తేడా ఏ యంత్రంలోనైనా ఉంటుంది. తేడా పెద్దగా ఉన్నా, కడ్డీ గెంతుతూ కదిలినా షాఫ్ట్ పట్టేస్తోందని అర్థం. వాక్యూమ్ లాగి ఒక నిమిషం వదిలేస్తే సూది కదలకూడదు, దిగుతుంటే డయాఫ్రమ్ పని అయిపోయింది. ఇదంతా చల్లగా ఒకసారి, ఇంజన్ బాగా వేడెక్కాక ఇంకోసారి చెయ్యండి. ఈ ఇరవై నిమిషాల పని చేయకుండా కొత్త వాల్వ్‌కి ఆర్డర్ పెట్టడం డబ్బు నీళ్ళలో పోయడమే.

చాలామంది బండి కంప్యూటర్ రీడింగులు చూపే ఓబీడీ స్కానర్ తగిలించి లాగ్ చూసి, ఒత్తిడి స్థిరంగానే ఉందని తీర్మానిస్తారు. మామూలు స్కానర్లు, ఈ కాలం నాటి బండ్లలో మరీను, సెకనుకి కొన్ని రీడింగులే ఇస్తాయి. వాల్వ్ అంతకంటే వేగంగా కొట్టుకుంటుంటే ఆ గీతలో అది కనిపించదు, లేదా అసలు లేని నెమ్మది ఊపులాగా కనిపిస్తుంది. ఫోన్ స్లో మోషన్ వీడియో దీనికంటే నయం. కడ్డీ కనబడేలా ఫోన్‌ని గట్టిగా బిగించి, బానెట్ మూసి, ఒక చక్కర్ కొట్టి వచ్చి చూస్తే అరగంట వాదన రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక బాగుచేయడం. హోస్‌తో మొదలుపెట్టండి. కొత్తది, గోడ మందంగా ఉన్నది, వీలైనంత పొట్టిది, మడతలు లేకుండా. తర్వాత పలక. ఇంటర్‌కూలర్, ఎయిర్ ఫిల్టర్ డబ్బా లాంటివి విప్పితే గానీ సరిగా చేతికి అందదు, అందుకే జనం దాని జోలికి పోరు, కానీ విప్పక తప్పదు. థ్రాటిల్ బాడీ క్లీనర్‌తో జిగురు కడిగి, పలక వేలితో తోస్తే ఎక్కడా పట్టకుండా తిరిగేదాకా శుభ్రం చెయ్యాలి. షాఫ్ట్ లూజుగా ఉంటే క్లీనింగ్ వల్ల లాభం లేదు, వాల్వ్ మొత్తం మార్చాల్సిందే. పలక మూసుకున్నప్పుడు ఆనే చోట చిన్న స్టాప్ స్క్రూ ఉంటుంది. పలక గోడకి ఇరుక్కోకూడదు, అలాగని సందు కూడా మిగలకూడదు. ఇరుక్కుంటే తెరుచుకునేటప్పుడు గెంతుతుంది, సందు ఉంటే బూస్ట్ కారిపోతుంది. వెంట్రుకవాసి సర్దుబాటు ఇది, తొందర పడితే చెడుతుంది. ఇక్కడిదాకా చేసేసరికే చాలా బండ్లలో జబ్బు పోతుంది, లేదా పట్టించుకోనవసరం లేనంత తగ్గుతుంది.

అప్పటికీ ఊగుతుంటే, అప్పుడు లూప్ మీద చెయ్యి వెయ్యాలి. మంచి మందు సంకేతాన్ని కాస్త మెత్తబరచడం. హోస్ మధ్యలో సన్నటి రంధ్రం ఉన్న చిన్న ముక్క, పాత కార్బురేటర్ జెట్ లాంటిది, పెడితే వాక్యూమ్ ఒక్కసారిగా డబ్బాకి చేరదు, మెల్లగా చేరుతుంది. ఒక మిల్లీమీటరు దగ్గర మొదలుపెట్టి, నడిపి చూస్తూ మార్చుకోవచ్చు. గీజర్ పోలికలో ఆలస్యమే తప్పన్నాక ఇక్కడ ఇంకా ఆలస్యం ఎందుకు చేర్చడం అని అడగొచ్చు, అడగాల్సిన ప్రశ్నే. లూప్‌లో ఒక భాగం మిగతా అన్నిటికంటే బాగా నెమ్మదిగా ఉంటే, అది క్షణక్షణం వచ్చే ఊపుల్ని పట్టించుకోకుండా సగటుని మాత్రమే అనుసరిస్తుంది, దాంతో పలక మధ్యలో నిలబడటం నేర్చుకుంటుంది. అన్నీ ఒకే రకం వేగంతో ఉన్నప్పుడే ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. గీజర్ దగ్గర కూడా అనుభవం ఉన్నవాళ్ళు ట్యాప్ మెల్లగా తిప్పి ఆగి చూస్తారు, అదే పని.

రంధ్రం మరీ సన్నదైతే పలక మూసుకోవడం కూడా ఆలస్యమవుతుంది, తొక్కిన అర క్షణం తర్వాత గానీ బూస్ట్ రాదు. దీనికి అందమైన విరుగుడు 1970లు, 80ల నాటి కార్లలో ఉంది. డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ అడ్వాన్స్ హోస్‌లో ఆ రోజుల్లో చిన్న బిళ్ళ లాంటి డిలే వాల్వ్ పెట్టేవారు, గాలిని ఒక దిక్కున మెల్లగా, రెండో దిక్కున ధారాళంగా పోనిస్తుంది. దాన్ని సరైన దిక్కుకి తిప్పి పెడితే పలక మెల్లగా తెరుచుకుంటుంది, గబుక్కున మూసుకుంటుంది. ఊగడం ఆగుతుంది, పికప్ చెడదు. పెద్ద ఖర్చు లేని ఈ చిన్న బిళ్ళకి రావాల్సినంత పేరు రాలేదు.

స్ప్రింగ్ సంగతి ఇప్పుడు. గట్టి స్ప్రింగ్ వేస్తే పలక ఇంకా ఎక్కువ వాక్యూమ్ దగ్గర కూడా మూసుకునే ఉంటుంది. దానివల్ల ఊగే ప్రాంతం కిందికి జరుగుతుంది, మీరు రోజూ నడిపే స్పీడు నుంచి తప్పుకుంటే జబ్బు పోయినట్టే అనిపిస్తుంది. కానీ అది పోలేదు, చోటు మార్చింది. హైవే మీద తీరిగ్గా పోయేటప్పుడు కూడా పలక సగం మూసుకుని ఉంటే గాలి వేడెక్కుతూనే ఉంటుంది, మైలేజీ తగ్గుతుంది. రేసు ట్రాక్ బండికి ఇది సరే, రోజూ ఆఫీసుకి వెళ్ళే బండికి మంచి బేరం కాదు. వాల్వ్‌నే పీకేసి దారి మూసేసేవాళ్ళు కూడా ఉన్నారు, అది మాత్రం చేయకూడదు. థ్రాటిల్ మూసి కాలు తీసిన ప్రతిసారీ సూపర్‌చార్జర్ మూసిన గదిలోంచి గాలి లాగినట్టు అవుతుంది, నోటి దగ్గర వాక్యూమ్ బాగా లోతుకి పోతుంది, షాఫ్ట్ సీళ్ళ మీద భారం పడుతుంది, అక్కడి నుంచి ఆయిల్ లోపలికి గుంజుకునే ప్రమాదం కూడా ఉంది.

హోస్‌ని సూపర్‌చార్జర్ నోటి నుంచి తీసి మేనిఫోల్డ్‌కి తగిలిస్తే ఏమవుతుందని కొందరికి ఆలోచన వస్తుంది. అక్కడ లూప్ స్వభావమే తిరగబడుతుంది. పలక మూసుకుంటే మేనిఫోల్డ్‌లో ఒత్తిడి పెరుగుతుంది, వాక్యూమ్ ఇంకా తగ్గుతుంది, పలక ఇంకా బిగుసుకుంటుంది. కొట్టుకోవడం ఆగుతుంది, నిజమే, కానీ మధ్య స్థితి అనేదే ఉండదు, స్విచ్ వేసినట్టు బూస్ట్ వస్తుంది, స్విచ్ తీసినట్టు పోతుంది. వర్షంలో మలుపు మీద అది ఎలా ఉంటుందో నడిపేవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

వాల్వ్ కొట్టుకోవడం అనే పేరుతోనే ఇంకో జబ్బు ఉంది, దాన్ని దీనితో కలిపి చూడటం వల్ల చాలా తప్పులు జరుగుతున్నాయి. వోర్టెక్, ప్రోచార్జర్ లాంటి సెంట్రిఫ్యూగల్ (రెక్కల చక్రం తిరిగి గాలిని నెట్టే) సూపర్‌చార్జర్లు అమెరికాలో మస్టాంగ్ లాంటి బండ్ల మీద ఎక్కువగా బిగిస్తారు. వాటిలో థ్రాటిల్ సూపర్‌చార్జర్ తర్వాత వస్తుంది. కాలు తీయగానే థ్రాటిల్ మూసుకుంటుంది, నెట్టిన గాలికి పోయే దారి ఉండదు, కంప్రెసర్ చక్రం మీదుగా వెనక్కి తన్నుతుంది, దాన్నే సర్జ్ అంటారు, రెక్కలు టపటపలాడించినట్టు చప్పుడు వస్తుంది. అక్కడ బైపాస్ వాల్వ్ వెంటనే, బాగా తెరుచుకోవాలి. అది కొట్టుకుంటోందంటే ఎక్కువసార్లు కారణం వాక్యూమ్ సంకేతం బలహీనంగా ఉండటం. ఇంజన్ వాల్వులని ఎక్కువసేపు తెరిచి ఉంచే పెద్ద క్యామ్ వేసిన ఇంజన్‌కి ఐడిల్‌లో వాక్యూమ్ తక్కువ, మామూలు స్ప్రింగ్‌ని పూర్తిగా గెలవలేదు, వాల్వ్ తెరుచుకుందా లేదా అన్న అంచు మీద వణుకుతుంది. హోస్‌ని ఒకే సిలిండర్‌కి గాలి తీసుకెళ్ళే గొట్టం (రన్నర్) నుంచి తీసినా, బ్రేక్ బూస్టర్ లైన్‌కి టి ఆకారపు జాయింట్ వేసి పంచినా అంతే. అక్కడ మందు సరిగ్గా తలకిందులు: మెత్తటి స్ప్రింగ్, మేనిఫోల్డ్‌లో గాలి నిలిచే ప్లీనమ్ గది నుంచి విడిగా పొట్టి లావు హోస్, మధ్యలో ఏ అడ్డూ వద్దు. రూట్స్ బండికి మేలు చేసిన సన్న జెట్‌ని ఇక్కడ పెడితే వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుని సర్జ్‌ని ఇంకా పెంచుతుంది. ఎవరో చెప్పిన చిట్కా పాటించే ముందు వాళ్ళ బండిలో థ్రాటిల్ ఎక్కడుందో ఒక్క ప్రశ్న అడిగితే చాలా డబ్బు మిగులుతుంది.

కంపెనీలు ఈ చిక్కుని రకరకాలుగా దాటాయి. టొయోటా 1980ల్లో 4ఏ-జీజెడ్ఈ ఇంజన్ మీద సూపర్‌చార్జర్‌కి ఏసీ కంప్రెసర్‌కి ఉండేలాంటి మ్యాగ్నెటిక్ క్లచ్ పెట్టింది, అవసరం లేనప్పుడు సూపర్‌చార్జర్ తిరగడమే మానేస్తుంది. జీఎం (జనరల్ మోటార్స్) 3800 వీ6లో వాక్యూమ్ డబ్బాని ఉంచి, దాని మీద కంప్యూటర్ నడిపే సోలెనాయిడ్, అంటే కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వ్, ఒకటి చేర్చింది. తర్వాతి తరం ఆడి 3.0 టీఎఫ్ఎస్ఐలో ఇక వాక్యూమ్ డబ్బాయే లేదు, పలకని చిన్న మోటారు తిప్పుతుంది, ఎంత తెరవాలో కంప్యూటర్ చెబుతుంది. అంటే పలక తన పని ఫలితం విని తానే తిరగడం మానేసి, థ్రాటిల్‌నీ ఒత్తిడినీ రెండిటినీ చూసే ఒకరి మాట వింటోంది. సరైన పరిష్కారం అదే అనడంలో సందేహం లేదు. ఆర్53కి ఆ భాగ్యం లేదు, దాని యజమానికి ఉన్నది ఒక హోస్, ఒక డయాఫ్రమ్, ఒక స్ప్రింగ్, అవి మంచి కండిషన్‌లో ఉంటే చాలు.

పని అయ్యాక పరీక్ష కూడా మొదట జబ్బు కనబడిన చోటే చెయ్యాలి: ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, మూడో గేర్లో, పాదం కదలకుండా పట్టుకుని, తర్వాత చాలా మెల్లగా తొక్కుతూ. ఖాళీ రోడ్డు మీద ఫుల్‌గా తొక్కి బాగుందనుకుని ఇంటికి వస్తే ఏమీ తేలదు, అక్కడ ఎప్పుడూ బాగానే ఉండేది. ఇక ఈ పనిలో సూపర్‌చార్జర్‌ని కూడా బయటికి తీయాల్సి వస్తే దాని గేర్ల ఆయిల్ తప్పకుండా చూడండి. ఈ బండిలో వాటర్ పంపు సూపర్‌చార్జర్ వెనక గేర్ల నుంచే తిరుగుతుంది. అక్కడ ఆయిల్ ఎండిపోయి గేర్లు అరిగితే వాటర్ పంపు ఆగిపోతుంది, ఇంజన్ వేడెక్కిపోతుంది, అప్పుడు యో-యో గురించి ఆలోచించే అవసరమే ఉండదు.